అమ్మ చెప్పింది... కొడుకు గీశాడు

హిరోషిమా మీద అణుబాంబు పడిన రోజు కెయిజీ నకజావాకు ఆరేళ్లు. ఆ ఉదయం ఇంట్లో ఏం జరిగిందో అతను చూడలేదు. తల్లి చూసింది. ఆమె చెబుతుంటే విన్నాడు. పెద్దయ్యాక దాన్ని బొమ్మల కథగా గీసి ప్రపంచం ముందు పెట్టాడు. ఆ పుస్తకాన్ని పిల్లల చేతికి అందనివ్వాలా వద్దా అని జపాన్‌లోనే తర్జనభర్జన పడ్డారు.

హిరోషిమాలో ఫునాయిరి అనే పేటలో ఒక చిత్రకారుడు కాపురముండేవాడు. జపాన్ సంప్రదాయ పద్ధతిలో బొమ్మలు వేయడం, లక్క పని చేయడం ఆయన వృత్తి. నాటకాలంటే ప్రాణం. ఆయన ఉన్న బృందం రష్యా రచయిత గోర్కీ నాటకం కూడా ఆడింది. యుద్ధోన్మాదం తలకెక్కిన ఆనాటి జపాన్‌లో పోలీసులు గుమ్మంలోకి రావడానికి అది చాలు. మనుషుల ఆలోచనల మీద కాపలా కాయడానికే అక్కడ ప్రత్యేకంగా ఒక పోలీసు విభాగం ఉండేది. వాళ్లు ఆయన్ను పట్టుకెళ్లి ఏడాదికి పైగా నిర్బంధంలో ఉంచారు. చిక్కి శల్యమై ఇంటికొచ్చాడు. వచ్చాక కూడా మాట మార్చుకోలేదు. ఇది తప్పుడు యుద్ధమని, జపాన్ ఓడిపోక తప్పదని భార్యాబిడ్డలతో చెబుతూనే ఉన్నాడు.

ఆయనకు ఐదుగురు పిల్లలు. ఆరో బిడ్డ భార్య కడుపులో ఉంది. పెద్దకొడుకును కూరే రేవులో నౌకలు కట్టే పనికి తీసుకుపోయారు. బాంబుల భయంతో బడిపిల్లలను పల్లెలకు తరలించినప్పుడు రెండోవాడు వాళ్లతో వెళ్లాడు. ఇంట్లో మిగిలింది తల్లిదండ్రులు, ఒక ఆడపిల్ల, కెయిజీ, నాలుగేళ్ల చిన్నవాడు. బియ్యం రేషన్‌లో కొలిచి ఇచ్చేవారు, అవి ఏ మూలకూ చాలేవి కావు. పిల్లలకు ఆ రోజుల నుంచి బాగా గుర్తున్నది ఆకలే.

సైరన్ ఆగిపోయింది

1945 వేసవి నాటికి జపాన్‌లో పెద్ద నగరాలు చాలావరకు బూడిదయ్యాయి. మార్చి 10 తెల్లవారుజామున టోక్యో మీద అమెరికా విమానాలు నిప్పు బాంబులు కురిపిస్తే ఒక్క రాత్రిలో లక్ష మంది దాకా చనిపోయారు. ఒసాకా, కోబే, నగోయా కూడా కాలిపోయాయి. సైనిక కేంద్రమై ఉండి కూడా హిరోషిమా మాత్రం పెద్ద దెబ్బ తినకుండా నిలిచింది. తమ ఊరినెందుకు వదిలేశారో అక్కడి జనానికి అంతుపట్టలేదు. కొత్త బాంబు ఎంత నాశనం చేయగలదో తేల్చుకోవడానికి, దెబ్బ తినని కొన్ని నగరాలను అమెరికా విడిగా అట్టిపెట్టిందని వాళ్లకు తెలిసే వీల్లేదు.

ఆగస్టు 6, సోమవారం. ఉదయం 7 గంటల 9 నిమిషాలకు సైరన్ మోగింది. వాతావరణం చూసిపోవడానికి ఒక విమానం వచ్చి వెళ్లింది. 7 గంటల 31 నిమిషాలకు ప్రమాదం లేదని ప్రకటించారు. రక్షణ గుంతల్లోంచి జనం బయటికొచ్చారు. ఆడవాళ్లు ఇంటిపనుల్లో పడ్డారు. నిప్పు పాకకుండా ఇళ్లు కూల్చి ఖాళీ జాగా చేసే పనికి వేల మంది బడిపిల్లలు బయల్దేరారు. కెయిజీ సంచీ తగిలించుకుని బడికి నడిచాడు.

బడి గేటు దగ్గర తోటి విద్యార్థి తల్లి ఒకామె ఏదో అడగడానికి అతన్ని ఆపింది. అతను బడి గోడ పక్కన నిలబడ్డాడు. ఆమె ఎదురుగా ఉంది. నీలాకాశంలో విమానం కనిపించింది. 8 గంటల 15 నిమిషాలకు కళ్లు చెదిరే వెలుగు.

తెలివి వచ్చేసరికి కెయిజీ శిథిలాల కింద ఉన్నాడు. చెంపలో మేకు దిగి ఉంది. బాంబు పేలిన చోటికి ఆ బడి ఒకటిన్నర కిలోమీటరు లోపే ఉంటుంది. ఆ దూరంలో ఆరుబయట నిలుచున్న మనిషి బతికే అవకాశం దాదాపు లేదు. గోడ అడ్డుండడం వల్ల వేడి అతని ఒంటిని నేరుగా తాకలేదు. మాట్లాడుతూ నిలుచున్న ఆ తల్లి ఒళ్లంతా నల్లగా కాలిపోయి రోడ్డుకు అటువైపు పడి ఉంది. ఒక మనిషి బతకడానికీ ఇంకో మనిషి పోవడానికీ మధ్య తేడా, ఎవరు గోడకు ఏ పక్క నిలబడ్డారన్నదే.

అమ్మ చూసింది

పిల్లాడు ఇంటిదారి పట్టాడు. దారి మిగల్లేదు. చర్మం వేలాడుతున్న మనుషులు చేతులు ముందుకు చాపుకొని నడుస్తున్నారు. పేటంతా మంటలు. ఇంటివైపు వెళ్లలేక ఏడుస్తుంటే తెలిసినావిడ ఎవరో చూసి, మీ అమ్మ ట్రాము పట్టాల దగ్గర ఉందని చెప్పింది. అక్కడ తల్లి నేలమీద కూర్చుని ఉంది. ఒడిలో అప్పుడే పుట్టిన పసిగుడ్డు ఉంది. ఆ అదురుకు నొప్పులొచ్చి రోడ్డు పక్కనే ప్రసవించింది. ఆడపిల్ల. తండ్రి, అక్క, తమ్ముడు లేరు.

వాళ్లకు ఏమైందో ఆమె తర్వాత చెప్పింది. వెలుగు మెరిసినప్పుడు ఆమె మేడ మీద బట్టలారేస్తోంది. చూరు నీడన ఉండడం వల్ల ఒళ్లు కాలలేదు. ఇల్లు కూలినప్పుడు ఆమె నిలబడ్డ చోటు అలాగే ఎగిరి పక్కకు పడింది. పెద్ద దెబ్బ లేకుండా లేచింది. కింద ముగ్గురు ఉండిపోయారు. కూతురి దగ్గర నుంచి అలికిడి లేదు. చిన్నవాడి తల గుమ్మం దూలం కింద ఇరుక్కుంది, కాళ్లు కొట్టుకుంటూ అమ్మా అని ఏడుస్తున్నాడు. లోపలి నుంచి భర్త, ఏదైనా చేయమని కేకలు వేస్తున్నాడు. నిండుచూలాలు రెండు చేతులతో దూలాన్ని పట్టుకుని లాగింది. అది కదల్లేదు. దారిన పోయేవాళ్లను బతిమాలింది. ఒకరిద్దరు చేయి వేశారు. కదల్లేదు. మంట ఇంటిని అంటుకుంది. నొప్పి అని ఏడుస్తున్న పిల్లాడు వేడి అని ఏడవడం మొదలెట్టాడు. నేనూ మీతోనే వస్తానని ఆమె అక్కడే కూలబడిపోయింది. ఇరుగింటి మనిషి ఒకరు బలవంతాన లాక్కొచ్చారు. పేట మలుపు తిరిగేదాకా ఆ ఏడుపు వినిపిస్తూనే ఉంది.

ఈ సంగతి ఆమె కొడుకుకు ఒక్కసారి చెప్పి ఊరుకోలేదు. బతికినన్నాళ్లూ చెప్పింది. చిన్నవాడి గొంతు తన చెవుల్లోంచి పోవడం లేదనేది. కాపాడలేకపోయిన తల్లిగా తనను తాను ఎన్నడూ క్షమించుకోలేదు. బాంబు తయారుచేసినవాళ్లు, వేయమన్నవాళ్లు, యుద్ధం మొదలెట్టినవాళ్లు, ఓడిపోతామని తెలిసీ ఆపనివాళ్లు ఎందరో ఉన్నారు. అయినా ఆ నేరం తనదేనన్నట్టు ఇరవై ఏళ్లు మోసింది మాత్రం ఈ తల్లి. బాంబుదాడుల నష్టం లెక్కగట్టే ఏ పట్టికలోనూ ఈ బరువు కనపడదు.

కొద్ది రోజులకు పెద్దకొడుకు కూరే నుంచి తిరిగొచ్చాడు. అతనూ కెయిజీ కలిసి ఇంటిజాగాకు వెళ్లి బూడిద తవ్వారు. ఎవరెక్కడ ఉంటారో అమ్మ చెప్పి పంపింది. గుమ్మం దగ్గర చిన్న పుర్రె దొరికింది. లోపల తండ్రిది, అక్కది దొరికాయి. అమ్మ చెప్పింది చెప్పినట్టే ఉంది. ఆరేళ్లవాడు తమ్ముడి పుర్రెను చేతుల్లోకి తీసుకున్నాడు.

బతికినవాళ్ల బతుకు

మిగిలినవాళ్లు ఊరి దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న ఎబాలో తలదాచుకున్నారు. పరాయివాళ్లని, దండగ తిండని అక్కడ ఛీత్కారాలు ఎదురయ్యాయి. కెయిజీ జుట్టంతా రాలిపోయింది. చెంపమీద, మెడమీద మచ్చలు మిగిలాయి. బాంబు రోజున పుట్టిన చెల్లి కొన్ని నెలలకే చనిపోయింది. తల్లికి పాలు లేవు, కొనడానికి డబ్బులేదు. ఆ పసిదాన్ని సముద్రపు ఒడ్డున దహనం చేశారు. ఒక్క ఇంట్లో నలుగురు.

అన్నదమ్ములు శిథిలాల్లో ఇనుపముక్కలు, గాజుపెంకులు ఏరి అమ్మేవారు. ఆ రోజుల్లోనే ఒసాము తెజుకా గీసిన 'కొత్త నిధి దీవి' అనే బొమ్మల పుస్తకం కెయిజీ చేతిలో పడింది. పేజీలు అరిగిపోయేదాకా చదివాడు, చూసి గీశాడు. తాను కూడా బొమ్మల కథలే గీయాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు. బడి చదువు అయ్యాక సైన్‌బోర్డులు రాసే కొట్లో పనికి కుదిరాడు. 1961లో టోక్యో వెళ్లాడు. రెండేళ్లకు అతని కథలు పత్రికల్లో రావడం మొదలైంది.

ఆ కథల్లో ఎక్కడా హిరోషిమా ఉండేది కాదు. బాంబు బారిన పడి బతికినవాళ్లను జపాన్‌లో హిబాకుషా అంటారు. హిబాకుషా అని తెలిస్తే పెళ్లి సంబంధాలు తప్పిపోయేవి, ఉద్యోగాలు దొరికేవి కావు, రేడియేషన్ జబ్బు అంటుకుంటుందేమోనని జనం జంకేవారు. తన ఊరి సంగతి చెప్పినప్పుడు టోక్యోలో ఎదుటివాళ్ల చూపు మారడం గమనించిన నకజావా నోరు కుట్టేసుకున్నాడు.

ఆ మౌనం అతనొక్కడిదే కాదు. ఓడిపోయిన జపాన్‌ను అమెరికా సైన్యం పాలించిన ఏళ్లలో బాంబు దారుణాల గురించి రాయడం మీద ఆంక్షలుండేవి. 1947లో హిరోషిమాలో అమెరికా ఒక పరిశోధన సంస్థ పెట్టింది. బతికినవాళ్లను పిలిపించి రక్తం తీసుకునేది, ఫొటోలు తీసేది, కొలతలు రాసుకునేది. వైద్యం చేసేది కాదు. బాధితుల వైద్యం కోసం జపాన్ ప్రభుత్వం చట్టం తేవడానికి 1957 దాకా పట్టింది.

ఎముకలు మిగల్లేదు

1966లో అమ్మ చనిపోయిందని కబురందింది. నకజావా హిరోషిమా వెళ్లాడు. మనకు అస్థిసంచయనం ఎలాగో, దహనం తర్వాత అయినవాళ్లంతా చేరి ఎముకలు ఏరి పాత్రలో పెట్టడం అక్కడి ఆచారం. అతను ఎదురుచూస్తూ నిలబడ్డాడు. బయటికి వచ్చిన పళ్లెంలో ఎముకలు లేవు. తెల్లటి పొడి, అక్కడక్కడా చిన్న ముక్కలు. తన తల్లి ఎముకలను కూడా రేడియేషన్ తినేసిందని అతను నమ్మాడు.

తిరుగు ప్రయాణంలో రైల్లో కూర్చుని ఆలోచించాడు. భర్తను, ముగ్గురు బిడ్డలను పోగొట్టుకుని, మిగిలినవాళ్లను రెక్కలు ముక్కలు చేసుకుని పెంచిన మనిషికి న్యాయం జరగలేదు. ఈ పని చేసినవాళ్లు ఎవరూ జవాబు చెప్పలేదు. జపాన్ జనం కూడా మర్చిపోవడానికే ఇష్టపడుతున్నారు. ఇంతకాలం తాను కూడా దాచాడు. ఇక దాచకూడదనుకున్నాడు.

మొదట 'నల్లవాన దెబ్బకు' అనే కథ గీశాడు. పెద్ద పత్రికలు వేసుకోవడానికి భయపడ్డాయి. చివరికి 1968లో పెద్దలు చదివే ఒక పత్రిక అచ్చు వేసింది. 1972లో తన సొంత కథను 'నేను చూశాను' అనే పేరుతో గీశాడు. అది చదివిన సంపాదకుడు, దీన్నే పెద్ద కథగా రాయమని ప్రోత్సహించాడు. అలా 1973లో 'షోనెన్ జంప్' అనే పిల్లల వారపత్రికలో 'హదాషి నో గెన్' మొదలైంది. చెప్పుల్లేని గెన్ అని అర్థం. గెన్ అనే ఆ పిల్లాడు నకజావాయే. అతని తండ్రి యుద్ధాన్ని ఎదిరించినవాడు. దూలం కింద చిక్కిన తమ్ముడు ఉంటాడు. రోడ్డు పక్కన పుట్టిన చెల్లెలూ ఉంటుంది. అమ్మ చెప్పింది చెప్పినట్టు గీశాడు.

పత్రికలు మారుతూ సాగిన ఆ కథ పది సంపుటాలైంది. 1970ల చివర్లో కొందరు స్వచ్ఛందంగా కూడి ఇంగ్లిషులోకి తెచ్చారు. ఇంగ్లిషులో వచ్చిన తొలి జపాన్ బొమ్మల కథల్లో అదొకటి. తర్వాత ఎన్నో భాషలకు చేరింది. 1983లో యానిమేషన్ సినిమా అయింది. జపాన్‌లో కొన్ని తరాల పిల్లలకు అణుబాంబు అంటే ఏమిటో తెలిసింది పాఠాల కంటే ముందు ఈ పుస్తకం వల్లే. బడి గ్రంథాలయాల్లో బొమ్మల కథలకు చోటివ్వని రోజుల్లో కూడా దీనికి చోటు దొరికింది.

ఆ ఉదయం: కొన్ని వివరాలు

బాంబు: యురేనియంతో చేసింది. 'లిటిల్ బాయ్' అని పేరు పెట్టారు. పసిఫిక్‌లోని టినియన్ దీవి నుంచి 'ఎనోలా గే' అనే బి-29 విమానం తెచ్చింది.

గురి: టి ఆకారంలో ఉండే అయోయి వంతెన. కాస్త పక్కకు జరిగి షిమా ఆసుపత్రి పైన, నేలకు దాదాపు 600 మీటర్ల ఎత్తున పేలింది.

వేడి: పేలిన చోటి కింద నేలమీద 3,000 నుంచి 4,000 డిగ్రీల సెల్సియస్.

జనం: ఆనాడు నగరంలో సుమారు 3,50,000 మంది ఉన్నారు. 1945 డిసెంబరు ఆఖరుకు చనిపోయినవారు దాదాపు 1,40,000.

ఇళ్లు: పదింట తొమ్మిది భవనాలు కూలాయి, కాలాయి లేదా దెబ్బతిన్నాయి.

నల్లవాన: మసి, ధూళి, రేడియోధార్మిక పదార్థం కలిసి నల్లటి చినుకులుగా కురిశాయి. దాహంతో నోళ్లు తెరిచి తాగినవాళ్లున్నారు.

తండ్రి మాట కూడా ఉంది

హిరోషిమా కథ చెప్పేవాళ్లలో చాలామంది ఆగస్టు 6 ఉదయం దగ్గర మొదలెడతారు. నకజావా అంతకుముందు నుంచి మొదలెట్టాడు. బాంబు వేసిన అమెరికాను ఎంత కోపంతో గీశాడో, ఆ యుద్ధాన్ని నెత్తికెత్తుకున్న జపాన్ పాలకులను, సైన్యాన్ని, చక్రవర్తిని అంతే కోపంతో గీశాడు. చైనాలో, కొరియాలో జపాన్ సైన్యం చేసిన అకృత్యాలను దాచలేదు. తన ఇంటిని కాల్చిన నిప్పు మొదట వేరేవాళ్ల ఇళ్ల మీద రాజుకుందని అతనికి తండ్రి నేర్పాడు.

ఆ వేరేవాళ్లలో మనమూ ఉన్నాం. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసింది జపాన్ విమానాలే. మన తీరాన జరిగిన నష్టం హిరోషిమాతో పోల్చదగ్గది కాదు. కానీ ఊరికి ఊరు మూటాముల్లె కట్టుకుని లోపలి పల్లెలకు పరిగెత్తిన భయం మన పెద్దలకు తెలుసు. అలాంటి భయాన్ని తన దేశం చైనా నుంచి బర్మా దాకా పంచిపెట్టిందని ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి. బాంబుకు కుటుంబాన్ని పోగొట్టుకున్న మనిషి ఒప్పుకోవడానికి ఇంకా ఎక్కువ కావాలి. 'గెన్' పుస్తకానికి ఉన్న బలం ఇక్కడే ఉంది. అది ఒక దేశం మీద ఇంకో దేశం చేసే ఫిర్యాదుగా మిగిలిపోకుండా, యుద్ధం మీద ఒక ఇంటి ఫిర్యాదు అయింది.

ఆ నిజాయితీయే పుస్తకానికి ఇబ్బంది తెచ్చింది కూడా. 2012 డిసెంబరు 19న నకజావా కన్నుమూశాడు. అదే నెలలో మత్సుయే నగర విద్యామండలి, ఈ పుస్తకాన్ని పిల్లలకు నేరుగా అందకుండా లోపలి అరల్లో పెట్టాలని బడులను కోరింది. జపాన్ సైనికుల క్రూరత్వాన్ని చూపే బొమ్మలు పిల్లలకు తగవన్నది కారణం. 2013 ఆగస్టులో సంగతి బయటపడి దేశమంతా నిరసన రేగితే వెనక్కి తగ్గింది. 2023లో హిరోషిమా నగరమే తన బడుల శాంతి పాఠాల నుంచి 'గెన్' భాగాలను తీసేసింది. వాటిలో ఒకటి, నీరసించిన తల్లి కోసం గెన్ ఎవరిదో చెరువులో చేపను దొంగిలించే ఘట్టం. దాన్ని ఈనాటి పిల్లలకు వివరించి చెప్పడం కష్టమట.

కష్టమేమీ కాదు. కడుపుతో ఉన్న అమ్మకు తిండి లేకపోతే పిల్లాడు చేపను దొంగిలించాడు. యుద్ధం ఇంటిదాకా వస్తే ఏమవుతుందో పిల్లలకు చెప్పడానికి అంతకన్నా సూటైన పాఠం లేదు. ఆకలిని దాటేసి, దూలం కింది పిల్లాడిని దాటేసి, సైనికుల దౌష్ట్యాన్ని దాటేసి మనం చెప్పే శాంతి పాఠంలో శాంతి గుర్తుగా మడిచే కాగితపు కొంగలు తప్ప ఏం మిగులుతాయి? శాంతి కావాలని పిల్లలు పాడతారు. ఎందుకు కావాలో మాత్రం తెలియకుండా పెరుగుతారు.

బొమ్మలు భయపెడతాయన్న మాట నిజం. నకజావాకు కూడా తెలుసు. చదివిన పిల్లలు జడుసుకుంటున్నారని విని, తాను చూసినదాని తీవ్రతను బొమ్మల్లో తగ్గించానని ఆయనే చెప్పాడు. మనం చూస్తున్నది ఆ తగ్గించిన రూపాన్నే.

అణుబాంబు బాధితుల సంఘాల సమాఖ్య 'నిహోన్ హిదాన్‌క్యో'కు 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ బహుమతి అందుకున్నవాళ్లందరూ వృద్ధులు. 2025 నాటికి జపాన్‌లో గుర్తింపు ఉన్న బాధితుల సంఖ్య లక్ష లోపుకు పడిపోయింది. ఆ ఉదయాన్ని కళ్లారా చూసి చెప్పే మనిషి ఇంకొన్నేళ్లకు ఒక్కరూ ఉండరు. అప్పుడు మిగిలేది వాళ్లు చెప్పింది విని ఎవరైనా రాసిపెట్టిందో, గీసిపెట్టిందో మాత్రమే. కెయిజీ నకజావా తల్లి ఏ సభలోనూ మాట్లాడలేదు, ఏ పుస్తకమూ రాయలేదు. తన కొడుకుకు చెప్పింది, అంతే. ఆమె చెప్పకపోయి ఉంటే 1,40,000 అనే అంకెలో ఆ ఇంటి మనుషులు కలిసిపోయేవారు.

ఈ వారం కూడా ఎక్కడో ఒక నగరం మీద బాంబులు పడ్డాయని, ఇంతమంది చనిపోయారని వార్త చదువుతాం. ఆ అంకె వెనక కూడా గుమ్మాలున్నాయి, దూలాలున్నాయి, బట్టలారేస్తున్న ఆడవాళ్లున్నారు. ఇది పిల్లలకు చెప్పాలి. నాలుగేళ్ల పిల్లాడి మీద బాంబు వేయడానికి పెద్దలు వెనకాడలేదు. పదేళ్ల పిల్లలకు ఆ సంగతి చెప్పడానికి మాత్రం వెనకాడడం న్యాయం కాదు.